శవపేటికలో పడ్డ మావయ్య

కాశీకి వెళ్లొచ్చినవాళ్లు కాయో పండో వదిలేసి వస్తారు. గోల్ఫు యాత్రకి వెళ్లొచ్చినవాళ్లు దేన్నీ వదలరు, ముఖ్యంగా వినేవాళ్లని. ఇలాంటి శాల్తీ మీ చుట్టాల్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అమర్‌నాథ్‌లో గుర్రమెక్కినవాడో, నయాగరా దగ్గర తడిసొచ్చినవాడో. వాళ్లని భరించొచ్చు. జలపాతం ఒకటే కాబట్టి కథ ఎక్కడో ఒకచోట అయిపోతుంది. మా డాక్టరు మావయ్య తిరిగొచ్చిన మైదానాలకి ఒక్కోదానికి పద్దెనిమిది హోల్స్. మొదటి హోల్ దగ్గర మొదలుపెట్టాడంటే పద్దెనిమిదోది దాటితే గానీ మజ్జిగ కూడా ముట్టడు.

మావయ్యది మా ఊరు పెనుగొలనే. అమ్మ పుట్టిల్లు మా వీధి చివర. గుంటూరులో డాక్టరీ చదివి ఇంగ్లండు వెళ్లి, అక్కడి సర్కారు ఆసుపత్రుల్లో చేసి చేసి రిటైరయ్యాడు. రిటైరైన వేసవిలో అత్తయ్యని కారులో కూర్చోబెట్టుకుని, ఆ దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న పాత గోల్ఫు మైదానాలు చుట్టబెట్టాడు. కెంట్‌లో శాండ్‌విచ్ దగ్గర మొదలై, లాంకషైర్ తీరం పట్టుకుని పైకిపోయి, స్కాట్లండులో ప్రెస్ట్‌విక్, ట్రూన్, ఇంకా పైన డోర్నక్, మళ్లీ తూర్పు తీరం వెంట కిందికి. అదంతా ఎలా జరిగిందని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆయన ప్రతి సంక్రాంతికీ వచ్చి మరీ చెబుతున్నాడు.

ఈ మైదానాల్ని లింక్స్ అంటారట. సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక దిబ్బలు. నాగలికి పనికిరావు. గాలికి చెట్టు నిలవదు. గొర్రెలూ కుందేళ్లూ మేసి గడ్డిని నున్నగా చేస్తే, పనిలేనివాళ్లు అక్కడ బంతి కొట్టడం మొదలుపెట్టారు. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే తర్వాత బంతిని మింగే ఇసుక గుంటలయ్యాయని, వాటినే బంకర్లంటారని చెబుతారు. ఇదంతా మావయ్య కళ్లు అరమోడ్చి చెబుతుంటే నాన్న చుట్ట పక్కన పెట్టి అన్నాడు: "పంట పండని నేల చూడ్డానికి అంత దూరం దేనికోయ్ బావమరిదీ? సాగర్ ఎడమ కాలవ చివరికి రా, కావలసినంత చూపిస్తా."

నాన్నకి దీంట్లో అర్థం కానిది ఒకటే. చిన్నప్పుడు మిరపతోటలో కలుపుకి రమ్మంటే కడుపునొప్పని పడుకున్న మనిషి, వానలో, ఈదురుగాలిలో, బరువు సంచీ లాక్కుంటూ కోసుల కొద్దీ నడిచాడు. పైగా డబ్బు కట్టి. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సు మీద ఒక్క ఆటకి వేసవిలో ఇప్పుడు మూడు వందల పౌన్లు దాటిందని విన్నప్పుడు నాన్న వేళ్ల మీద రూపాయల్లోకి మార్చి, ముప్ఫై వేలు దాటాక లెక్క ఆపేశాడు. ఆ తర్వాత ఆయన మనస్ఫూర్తిగా ఇష్టపడ్డది ఒక్క బ్రోరా. అక్కడ మైదానంలోనే ఆవులూ గొర్రెలూ మేస్తుంటే, హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్, మీదికి రాకుండా చుట్టూ కరెంటు తీగ కట్టారట. నాన్న సర్దుకుని కూర్చుని, ఆవులు పూటకి ఎన్ని లీటర్లిస్తాయని అడిగాడు. మావయ్య దగ్గర జవాబు లేదు. "అంత దూరం వెళ్లి అది కనుక్కోలేదా!" అని నాన్న మళ్లీ చుట్ట అందుకున్నాడు.

మావయ్య చెప్పడు, ఆడి చూపిస్తాడు. సంక్రాంతి పొద్దున్నే అమ్మ ముగ్గేసి గొబ్బెమ్మలు పెట్టి, ఒక్కోదాని మీద గుమ్మడిపువ్వు గుచ్చి లోపలికెళుతుంది. మావయ్య కళ్లకి అది ముగ్గు కాదు, గ్రీను. గుమ్మడిపువ్వు జెండా. గొడుగు తిరగేసి పట్టుకుని అరుగు దిగుతాడు. మోకాళ్లు కొంచెం వంచి, నడుము ఊపి, లేని బంతిని తేరిపార చూసి, తల ఎత్తి గాలి ఎటుందో చూస్తాడు. వీధిలో గాలి ఉండదు. అయినా ఆగుతాడు. గొడుగు లేచేసరికి అమ్మ గుమ్మంలోంచి కేకేస్తుంది: "ఒరేయ్, గొబ్బెమ్మ జోలికెళ్లావంటే ఊరుకోను!" ఊరంతా డాక్టరుగారని చేతులు కట్టుకునే మనిషి, అక్క అరిస్తే మాత్రం గొడుగు దించేస్తాడు.

ఆయన కథల్లో పట్టాభిషేకం ట్రూన్‌లో ఎనిమిదో హోల్‌ది. 123 గజాలే. గ్రీను మరీ చిన్నదని దానికి తపాలాబిళ్ల అని పేరు. 1973లో జీన్ సారజెన్ అనే ఆయన 71 ఏళ్ల వయసులో ఓపెన్ పోటీలో ఒక్క దెబ్బకి బంతిని అక్కడ హోల్‌లో వేశాడు. రిటైరైన మావయ్య ఆశకి మూలం ఇదే. చుట్టూ బంకర్లు. గ్రీనుకి ఎడంపక్కదాని పేరు శవపేటిక. కుడి నుంచి గాలి వీస్తోంది, మావయ్య ఎనిమిదో నంబరు కర్ర తీశాడు, బంతి లేచింది, గాలికి వాలింది, శవపేటికలో పడింది. "జన్మంతా మనుషుల్ని దాంట్లో పడకుండా చూసి, ఆఖరికి నేనే పడ్డాను" అంటాడు. అని ఒక్కడే నవ్వుతాడు. ఏటా అదే చోట, అంతే సేపు. లోపల్నుంచి ఎన్నిసార్లు కొట్టినా బంతి గోడకి తగిలి మళ్లీ కాళ్ల దగ్గరికే దొర్లిందట. మొత్తం తొమ్మిది దెబ్బలు. మనం జాలిపడేలోపే, 1950లో ఒక జర్మన్ ఆటగాడు అదే హోల్‌కి పదిహేను కొట్టాడని చెబుతాడు. సెయింట్ ఆండ్రూస్‌లో నరకమనే బంకర్లో పడ్డ కథకీ ఆయన దగ్గర సాక్షి ఉన్నాడు. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడికే అందులోంచి బయటపడడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. మావయ్య బంతి ఎక్కడ పోయినా ఆయనకంటే ముందు అక్కడ మహానుభావుడొకడు పోయి ఉంటాడు. పుట్టెడు దుఃఖంలో ఉన్న రోగికి కూడా మా మావయ్య ఇలాగే ధైర్యం చెప్పేవాడని అత్తయ్య అంటుంది. అప్పుడు మాత్రం ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొస్తుంది. మళ్లీ తొమ్మిదో హోల్ మొదలుపెట్టేదాకా.

కార్నూస్టీ కథ ఊళ్లో కూడా ఆడింది. 1999లో అక్కడ జరిగిన ఓపెన్ పోటీలో ఆఖరి హోల్‌కి మూడు దెబ్బల ఆధిక్యంతో వచ్చిన ఫ్రెంచి ఆటగాడు వాన్ డె వెల్డే బంతి వాగులో పడింది. బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగాడు. దిగి కాసేపు నిలబడి, కొట్టకుండానే పైకొచ్చేశాడు. చివరికి కప్పూ పోయింది. మా పాలేరు ఇది శ్రద్ధగా విని, "నీళ్లలోకి దిగినోడు పనవకుండా ఎట్టా పైకొచ్చాడండీ?" అన్నాడు. గోల్ఫు మీద ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

అత్తయ్య యాత్ర వేరు. ఆయన బంతి చూశాడు, ఆవిడ దేశం చూసింది. ఓల్డ్ కోర్సులో ఆడాలంటే లాటరీలో పేరు రావాలి. మావయ్య పేరిచ్చి, రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని, పదో తరగతి ఫలితాల నాటి మొహం వేసుకు కూర్చునేవాడట. పేరు రాలేదు. ఈలోగా ఆదివారమొచ్చింది. ఆదివారం అక్కడ ఆట ఉండదు, అది ఊరందరి పార్కు. కుక్కల్ని తిప్పుకునేవాళ్లతో పాటు అత్తయ్య చీర మీద స్వెటరేసుకుని, పైసా కట్టకుండా ఆ గడ్డంతా తిరిగి, స్విల్కన్ వంతెనెక్కి ఫొటో దిగింది. గొర్రెల్ని దాటించడానికి కట్టిన బుల్లి రాతి వంతెన అది. మహామహులంతా దాని మీద నిలబడి చెయ్యి ఊపినవాళ్లే. 2023 ఫిబ్రవరిలో దాని మొదట్లో కొత్తరాళ్లు పరిస్తే ప్రపంచంలోని గోల్ఫువాళ్లంతా గోలపెట్టి, రోజుల్లోనే పీకించారు. మావయ్యకి తర్వాత ఎప్పుడో లాటరీ తగిలి ఆడాడు గానీ, ఇంట్లో ఫ్రేము కట్టించింది అత్తయ్య ఫొటోకే. మ్యూర్‌ఫీల్డ్‌లో అయితే ఆవిడ కారే దిగలేదు. ఆడవాళ్లకి సభ్యత్వం ఇవ్వడానికి అక్కడి క్లబ్బు 2017 దాకా ఒప్పుకోలేదని తెలిసి, "వాళ్ల కాఫీ నాకొద్దు" అని ఫ్లాస్కు తీసిందట.

మావయ్యతో నాకో పాత లెక్క ఉంది. నా పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రి మర్యాదకి, "మీకు అక్కడ కాలక్షేపం ఎలాగండీ?" అన్నాడు. అంతే. కాఫీలు చల్లారాయి. ముళ్లపొదల్లో బంతి పోతే మూడు నిమిషాలే వెతకాలని, 2019కి ముందు ఐదు ఇచ్చేవాళ్లని, ఇది అన్యాయమని, ఆ పొదల పసుప్పచ్చ పూలు కొబ్బరి వాసనొస్తాయని మావయ్య చెబుతూనే ఉన్నాడు. అమ్మాయి నా పేరు కంటే ముందు బంకరు లోతు తెలుసుకుంది. ఆ లోతు తెలిసి కూడా ఒప్పుకుందంటే ఆవిడ ధైర్యం.

మొన్న సంక్రాంతికి మావయ్యకి కొత్త శ్రోత దొరికాడు. మా చెల్లెలి మొగుడు, కొత్తల్లుడు, కొరికిన అరిసె చేతిలో పట్టుకుని కదల్లేక కూర్చున్నాడు. ట్రూన్ వచ్చింది. "గాలి ఎడమ నుంచి వీస్తోందయ్యా, నేను ఏడో నంబరు తీశాను" అంటున్నాడు మావయ్య. నేను వంటింట్లో ఉన్నాను. ఊరుకోవచ్చు. నోరు ఊరుకోలేదు.

"కుడి నుంచి మావయ్యా. కర్ర ఎనిమిదో నంబరు. గాలి ఎడమ నుంచైతే బంతి శవపేటికలో ఎందుకు పడుతుంది?"

మావయ్య కాసేపు ఆలోచించాడు. "అవున్రోయ్, కుడి నుంచే" అని బల్ల మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. గొడుగు కూడా ఇచ్చాడు. మిగతాది నేనే చెప్పాను, తొమ్మిదో దెబ్బ దాకా, మధ్యలో ఆ జర్మన్ ఆటగాడితో సహా. శవపేటిక జోకు దగ్గర నేనూ మావయ్యా కలిసి నవ్వాం.

అత్తయ్య నా భార్య వైపు తిరిగింది. "అమ్మాయ్, ఒక మంచి ఫ్లాస్కు కొనుక్కో" అంది.