ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఇంటికెళ్ళండి

బళ్ళారి జిల్లాలో మీ ఆఫీసుకి ఆటోమేటిక్ సేవ పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చిందా? శుభం. కౌంటరు ముందు క్యూ కనిపించకూడదు, అంతేగా? పని జరిగితే క్యూ పోతుంది. జనం విసిగి లేచిపోయినా క్యూ పోతుంది. రెండోది చవక.

1. ముందు భాష సంగతి తేల్చేయండి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత గీశారని జనం మాట మార్చుకోలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, బజార్లో రెండూ కలిపి, మధ్యలో ఉర్దూ. ఇవన్నీ పట్టించుకుంటూ కూర్చుంటే మీ ప్రమోషన్ గతేం కాను? ఫోనెత్తగానే వార్తలు చదివే కన్నడ వినిపించండి, తర్వాత ఇంగ్లీషు. తెలుగు కావాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే తొమ్మిదో నంబరుకి పెట్టండి. 'తెలుగు కోసం తొమ్మిది నొక్కండి' అన్న ముక్క మాత్రం ఇంగ్లీషులో చెప్పించండి.

2. పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలని రూలు పెట్టండి. ఒకే రైతు ఆధార్‌లో వెంకటేశ్వర్లు, పహణి అనే భూమి రికార్డులో వెంకటేశ, పాసుబుక్కులో బి. వెంకటేశులు. ముగ్గురూ ఒకడేనని ఊరంతా సాక్ష్యం చెబుతుంది, మీ మిషను నమ్మకూడదు. 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గళ్ళు పెట్టండి, రెండూ తప్పనిసరి చేయండి. ఇంటిపేరు ముందు రాసుకునే మనిషి ఏది ఎక్కడ రాయాలో తేల్చుకునేలోపు పేజీ టైము అయిపోవాలి.

3. స్క్రీను మీవైపే తిప్పుకోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే మన కర్ణాటకలోనే ఒకసారి ఘోరం జరిగిపోయింది. 2000వ దశకం మొదట్లో 'భూమి' పథకం కింద దాదాపు 2 కోట్ల భూమి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించారు. 15 రూపాయలు కడితే తాలూకా కేంద్రంలో పహణి చేతికొచ్చేది. అంతటితో ఆగారా? కౌంటరు దగ్గర రెండో స్క్రీను రైతు వైపు పెట్టారు, లోపల ఏం కొడుతున్నారో అతనికీ కనబడాలని! మ్యుటేషన్ దరఖాస్తులు వచ్చిన వరుసలోనే చూడాలన్నారు. ఇలాగైతే ముందువాణ్ణి వెనక్కీ, వెనకవాణ్ణి ముందుకీ జరిపే చాకచక్యం ఎక్కడ చూపిస్తాం? రెండో స్క్రీను రిపేరుకి పంపండి. తిరిగి తెప్పించకండి.

4. వేలిముద్ర అడగండి. మిరపకాయలు కోసీ, పత్తి ఏరీ, జీన్స్ కుట్టీ గీతలరిగిన వేళ్ళు ఈ జిల్లాలో కావలసినన్ని. మూడుసార్లు 'సరిపోలలేదు' అనిపించి, "చెయ్యి కడుక్కుని రా అవ్వా" అనండి. కుళాయి ఎక్కడుందో చెప్పకండి. కడుక్కుని వచ్చిందా, ఓటీపీ అడగండి. ఆ నంబరున్న ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు తోరణగల్లు స్టీల్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంటాడు.

5. తప్పు ఎక్కడొచ్చిందో ఎప్పుడూ చెప్పకండి. 'ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' చాలు. పొద్దున 'సర్వర్ లేదు', మధ్యాహ్నం 'సర్వర్ స్లో', నాలుగు దాటాక 'సైట్ క్లోజ్'. సర్వర్‌కి నోరు లేదు, ఎంత తిట్టినా పడుతుంది.

6. మనిషిని పూర్తిగా తీసేయకండి, దాచండి. సున్నా నొక్కితే మనిషి దొరుకుతాడని ఏడో మెనూలో చెప్పండి. నొక్కినవాడికి 'మీ కాల్ మాకెంతో విలువైనది' అని మొదలుపెట్టి వీణ వినిపించండి. తెగిపోయిన ప్రతి కాల్‌నీ 'పరిష్కరించబడింది' ఖాతాలో రాయండి.

7. బయట వేపచెట్టు కింద కూర్చునే ఏజెంటుతో మంచిగా ఉండండి. ఏ మెనూలో ఏముందో మీకన్నా అతనికే బాగా తెలుసు. అందరి ఫారాల్లోనూ తన ఫోన్ నంబరే ఇస్తాడు కాబట్టి ఓటీపీలన్నీ చెట్టు కిందికే వస్తాయి. మీ సేవ వాడకం పెరిగిందని రిపోర్టు రాసుకోండి, అబద్ధమేమీ కాదు.

8. చివర్లో అభిప్రాయం తప్పకుండా అడగండి. బాగుంటే 1 నొక్కాలి, చాలా బాగుంటే 2. మూడో నంబరు పెట్టకండి.