ముదుర్ల వేట

మా బామ్మర్ది డల్లాస్‌లో ఉంటాడు. వారం దినాలు సెలవు పెట్టి, రాష్ట్రం దాటి జింకల వేటకు పోతున్నానని ఫోన్ చేశాడు. ఏదో ఒక జింక దొరికితే చాలదట, 'మెచ్యూర్ బక్' కావాలట. అదేందిరా అంటే, "ముదురు మగజింక బావా. నాలుగున్నర, ఐదేళ్లు నిండి ఉండాలె. అంతకు తక్కువది ముక్కుకెదురుగా వచ్చి నిలబడ్డా బాణం వెయ్యం" అన్నాడు.

ప్లానంతా విన్నాను. అయోవా అనే రాష్ట్రం బయటి రాష్ట్రాల వేటగాళ్లకు ఏడాదికి ఆరువేల పర్మిట్లే ఇస్తుందట. దానికి లాటరీ. పేరు రాకపోతే ఓ పాయింటు రాసుకోవచ్చు. మంచి జాగాలో విల్లు పట్టాలంటే అట్లాంటి పాయింట్లు కొన్నేళ్లు కూడబెట్టాలి, సింగరేణిలో బదిలీ వర్కర్ పర్మినెంట్ కోసం మస్టర్లు కూడబెట్టుకున్నట్టు. రుసుము వందల డాలర్లు. చెట్లకు కెమెరాలు కట్టి ఏ జింక ఏ బాటన వస్తుందో నెలల తరబడి చూస్తారు. నవంబర్‌లో అవి జత కట్టే రోజులు లెక్కేసుకొని, గాలివాలు చూసుకొని, చలిలో చెట్టెక్కి పొద్దుగూకే దాకా దగ్గు కూడా ఆపుకొని కూర్చుంటారు. కొడితే దానికి ట్యాగు కట్టి సర్కారుకు లెక్క చెప్పాలి. అక్కడ అమ్మే తుపాకీ మీద, తూటా మీద వేసే పన్ను 1937 నుంచి అడవి జంతువుల సంరక్షణకే పోతుందని కూడా చెప్పాడు. అట్లని వాళ్ల వేటకు నేను హారతి పట్టడం లేదు. ట్యాగు కట్టి చంపినా చచ్చిన జింక లేచి రాదు. కానీ చంపడానికి కూడా ఇంత క్యూలో నిలబడతారా అని ముక్కున వేలేసుకున్నాను.

నేను చేసిన తప్పల్లా ఈ ముచ్చటను మా సింగరేణి ఊరు నస్పూర్‌లో, సీసీసీ కార్నర్ దగ్గర చాయ్ తాగుతూ చెప్పడం. అక్కడ మా కాలనీ ముదురు ఉన్నాడు.

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారంటారు గానీ, మా నస్పూర్‌లో మనిషి ముదిరితే అన్ని పనులకూ అతనే. ప్లాటు పంచాయితీకి అతనే, కాంట్రాక్టు సర్దుబాటుకు అతనే, బొగ్గుబాయిలో లైట్ డ్యూటీ పైరవీకి అతనే. బండి అద్దం మీద స్టిక్కరుంటుంది. ఏ పార్టీదని అడగొద్దు, ఎలక్షన్ల మర్నాడు పాతది గీకి కొత్తది అతికిస్తాడు. అతనికి కథ మొత్తంలో రెండే మాటలు చెవికెక్కాయి. ఒకటి 'ముదురు', రెండోది 'రాష్ట్రం దాటి'.

"మనం గూడ పోదామే అన్నా! సింగరేణి లాభాల పైసలు పడ్డంక, దసరా ఎల్లంగనే. ఈడ మన జన్నారం దిక్కు కెమెరాలు ఎక్కువైనయ్. అదే పక్క రాష్ట్రమైతే మనల్ని ఎవడు గుర్తుపడ్తడు?"

చూశారా తేడా? మా బామ్మర్ది రాష్ట్రం దాటేది జింక కోసం. ఇతను దాటేది తన మొహం కోసం.

సరే, ఏ రాష్ట్రం? అక్కడే చాయ్ గ్లాసులు పక్కకు జరిపి చర్చ మొదలైంది. సొంత రాష్ట్రంలో కుదరదు. 2014 నవంబర్‌లో తెలంగాణ సర్కారు రాష్ట్ర జంతువుగా జింకనే, అంటే మన చుక్కల దుప్పినే ప్రకటించింది. రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు. 2023 జూన్‌లో మా నస్పూర్‌లోనే కొత్త కలెక్టరాఫీసు తెరిచారు. దాని గేటుకు కూతవేటు దూరంలో కూర్చొని రాష్ట్ర జంతువును కూర వండే ముచ్చట పెట్టడానికి ముదురుకు కూడా కొంచెం మొహమాటమైంది. ఆంధ్రకు పోదామంటే వాళ్లది కృష్ణజింక. ఒడిశాకు పోతే కణుజు. మధ్యప్రదేశ్‌కు పోతే బారాసింగా, ఉత్తరప్రదేశ్‌కు పోయినా అదే. రాజస్థాన్‌లో చింకారా, హర్యానాలో, పంజాబ్‌లో మళ్లీ కృష్ణజింక. ఉత్తరాఖండ్‌లో కస్తూరి మృగం, కశ్మీరులో హంగుల్, మణిపూర్‌లో సంగాయి. దేశంలో ఎన్నో రాష్ట్రాలు జింక జాతినో దాని చుట్టాన్నో తెచ్చి తలకెత్తుకున్నాయి. ఇంత గౌరవం పొందిన జంతువు ఇంత భయంతో బతకడం ఇంకెక్కడా ఉండదేమో! కృష్ణజింక అసలు జింక కాదు, ఏటా కొమ్ములు రాల్చే రకం కాదని ఎవరో అనబోయారు. "తోలు తీసినంక అన్నీ ఒకటే" అని ముదురు తేల్చేశాడు. జంతుశాస్త్రంలో అంత పొట్టి సిద్ధాంతం నేనింతవరకు వినలేదు.

ఈ సందులో మా బామ్మర్ది ఫోన్లో ఇంకో బాంబు వేశాడు. మన చుక్కల దుప్పిని 1930లలోనే టెక్సాస్ పట్టుకుపోయారట. అక్కడ అది పెరిగి మందలైంది. అక్కడి చట్టం దాన్ని పరాయి జంతువుగా లెక్కేసింది కాబట్టి ఏడాది పొడుగునా కొట్టొచ్చు, ఇన్నే కొట్టాలని పరిమితి కూడా లేదు. లైసెన్సు కొనుక్కొని, తోట యజమానికి డబ్బు కడితే చాలు. ముప్ఫై అంగుళాల కొమ్మున్న మగదాని కోసం ఊళ్లకు ఊళ్లు దాటి వస్తారట. అంటే మన రాష్ట్ర జంతువు వీసా లైన్లో నిలబడకుండా అమెరికా పోయి, తొంభై ఏళ్లయినా అక్కడ పరాయిదానిగానే మిగిలింది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే మా బామ్మర్దికి దాన్ని చూస్తే కడుపులో దేవినట్టయిందట. ఈ ముక్క విని ముదురు కొంచెంసేపు ఆలోచించాడు. విమానం టికెట్టు ధర అడిగాడు. ప్రాణహితే నయమన్నాడు.

అదే ఖాయమైంది. చెన్నూర్ మీదుగా పోయి ప్రాణహిత వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. అక్కడి రాష్ట్ర జంతువు చెట్టు మీద దూకే పెద్ద ఉడుత. "ఇంకేం, అక్కడ జింక లెటర్‌హెడ్ మీద లేదు" అని ముదురు తొడ చరిచాడు. దారిలో ప్రాణహిత అభయారణ్యం ఉందనీ, అది కృష్ణజింకలకు పేరుపడ్డదనీ ఎవరూ గుర్తు చేయలేదు. మా పక్కింటి రిటైర్డ్ సారు మాత్రం ఒక చిన్న మాటన్నాడు. "గడ్చిరోలి దిక్కు రాత్రిపూట అడవిలో తుపాకీతో కనబడితే పోలీసులు 'ఏ పార్టీ?' అని అడుగుతరు. వాళ్లడిగే పార్టీ వేరు, మీరు చెప్పే పార్టీ వేరు. జవాబు చెప్పే టైం ఉంటదో ఉండదో చూసుకోన్రి." ఆ రోజుకు చాయ్ అక్కడితో ఆగింది.

సారు అంతటితో ఊరుకోలేదు. మళ్లీ కలిసినప్పుడు, పురాణాల్లో వేట ప్లానేసిన రాజు బాగుపడ్డ దాఖలా చూపమన్నాడు. రాముడు బంగారు జింక వెంట పోతే సీత పోయింది. పాండురాజు జంటగా ఉన్న జింకల మీద బాణం వేస్తే శాపం తగిలి ప్రాణం మీదికి వచ్చింది. పరీక్షిత్తు వేటకు పోయి దప్పికై, మునిమీద చచ్చిన పామును వేసి, ఏడు రోజుల్లో పోయాడు. "అప్పట్ల బెయిల్ లేకుండె సార్" అన్నాడు ముదురు. ఒక్క ఆ మాటకు మాత్రం అతని తెలివిని ఒప్పుకోవాలి.

ఇక సామగ్రి. మా బామ్మర్ది లిస్టులో దుర్భిణి, గాలివాలు చూసే పొడి, వయసు అంచనా వేసే పుస్తకం ఉన్నాయి. ముదురు లిస్టులో ఒక తుపాకీ (ఎవరిదో పంట కాపలాకని చెప్పి తెచ్చింది), బండి పైకప్పు మీద లైటు, థర్మాకోల్ పెట్టె, రెండు కిలోల ఐసు, మసాలా, దొరికితే ఫోన్ చేయాల్సిన మూడు నంబర్లు. దారిలో ఎవరైనా ఆపితే చెప్పే మాట కూడా ముందే రాసి పెట్టుకున్నారు: "పందనుకున్నం సార్." పంట పాడుచేసే అడవిపందులకు అనుమతి తీసుకొని కాల్చే పద్ధతొకటి ఉంది కాబట్టి, మా జిల్లాలో చచ్చిన ప్రతి జింకా చచ్చే ముందు ఓ నిమిషం పందిగా మారుతుంది.

"మరి ముదురు మగదాన్ని ఎట్ల గుర్తుపడ్తరు?" అని అడిగాను. అంతా నావైపు జాలిగా చూశారు. రాత్రి బండి లైటు పడితే చెట్ల సందున రెండు కళ్లు మెరుస్తాయి. మెరిసే కళ్లకు ఆడా మగా ఉండదు, వయసుండదు. వాటి మధ్యలోకి కాలుస్తారు. అట్లాంటి వేటకు ఒకసారి వంటకని పోయిన ఆటో డ్రైవరొకతను నాకు చెప్పాడు. తెల్లారి వాగు ఒడ్డున పడేసి కోస్తే కడుపులో పిల్ల ఉందట. వెంట్రుకలు రాలేదట గానీ చర్మం మీద చుక్కలు అప్పుడే తేలుతున్నాయట. పిల్లను వాగులో వదిలి, తల్లిని భాగాలు పంచారు. తొడ ఒక పెద్దమనిషికి, చెయ్యి ఇంకో పెద్దమనిషికి, మిగిలింది వెంట వచ్చినవాళ్లకు. ఎవరికేది పంపాలన్నది మాత్రం కత్తి పట్టకముందే కాగితం మీద రాసుంది. ఆ డ్రైవర్ అప్పటినుంచి మటన్ కూడా ముట్టడు.

చట్టం ఏమంటుందో చెప్పాలి కదా. వన్యప్రాణుల సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో లైసెన్సు తీసుకొని కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. కేంద్ర చట్టం కాబట్టి ప్రాణహిత ఇవతలా అదే, అవతలా అదే. వంతెన దాటితే బస్సు బోర్డు మీద లిపి మారుతుంది గానీ సెక్షన్ మారదు. చంపడమే వేట కాదు, ఉచ్చు పెట్టడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. ఎక్కువ రక్షణ ఉన్న జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. వాడిన తుపాకీ, ఎక్కిన బండి సర్కారు సొత్తవుతాయి, స్టిక్కర్‌తో సహా.

ఇంత పదునైన కత్తి ఒర మాత్రం దాటదు. 1998లో షూటింగుకని పరాయి రాష్ట్రం పోయిన హీరో సల్మాన్ ఖాన్ మీద జోధ్‌పూర్ దగ్గర కంకాణీ ఊళ్లో కృష్ణజింకల కేసు పడింది. 2018 ఏప్రిల్ 5న ఐదేళ్ల శిక్ష పడింది. రెండు రాత్రులు జైల్లో పడుకొని, మూడో రోజు బెయిల్ మీద బయటికొచ్చాడు, అప్పీలుకు పోయాడు. తుపాకీ చప్పుడుకు లేచి బండి వెంటపడ్డ ఆ ఊరి బిష్ణోయి సమాజంవాళ్లే లేకపోతే ఆ కేసే లేదు. 1730లో ఖేజర్లీలో ఆ బిష్ణోయిలే 363 మంది చెట్లను నరకనివ్వకుండా కౌగిలించుకొని తలలిచ్చారు. ఆ చెట్టు మనకు తెలియంది కాదు, దసరా రోజు ఆకు తెంపి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చెప్పుకొనే జమ్మి చెట్టే. మన రాష్ట్ర వృక్షానికీ రాష్ట్ర జంతువుకూ నిజమైన చుట్టాలు రాజస్థాన్‌లో ఉన్నారన్నమాట.

ఇక్కడి కథ? 2017 మార్చిలో గోదావరి అవతల మహదేవ్‌పూర్ అడవిలో తుపాకులతో జింకలను కొట్టిన కేసు రాష్ట్రమంతా మోగింది, పలుకుబడి మాటలు పత్రికలకెక్కాయి. ప్రతిసారీ ఇంతే. మైకు ముందు ఒక పెద్దమనిషి నిలబడి "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అంటాడు. నిజమే, దాని దారిన అది పోతుంది, మన దారిలోకి రాదు.

మరి జైలుకు పోయేదెవరు? మొన్నటి వేసవిలో జన్నారం దిక్కు ఒక ఫారెస్టు వాచర్ జేబులోంచి తీసి ఉచ్చు చూపించాడు. బైకు క్లచ్ వైరు, ఒక కొసన జారుముడి, ఇంకో కొసకు చిన్న కర్ర. నీళ్లకు వచ్చే బాటలో మెడ ఎత్తున కడతారు. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. ఇది పెట్టినవాడు చెప్పుల్లేని మనిషి, దొరికితే అదే రోజు రిమాండు. ఇతనికి ఏ నంబరూ లేదు ఫోన్ చేయడానికి. అట్లని ఉచ్చు పెట్టినవాడు పాపం అమాయకుడని నేననను. తీగకు ఎవరు వస్తున్నారో తెలియదు. చెన్నూర్ అడవిలో కె-4 అనే ఆడపులి నడుముకు అట్లాంటి తీగే బిగిసి, దాంతోనే తిరుగుతూ కెమెరాకు చిక్కింది. కానీ క్లచ్ వైరుకు దొరికిన చట్టం, బండి పైన లైటు వెలిగితే ఎందుకు కళ్లు మూసుకుంటుందన్నదే నా ప్రశ్న. నిజాం కాలంలో అడవి షికారు దొరలది, కట్టె కొట్టిన గోండుకు జరిమానా. కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ లెక్క సరిచేయడానికే. దొరల గుర్రాల జాగాలో స్టిక్కరు బండ్లొచ్చాయి, అంతే.

మా బామ్మర్ది అయోవా నుంచి తిరిగొచ్చాడు. ఆరు రోజులు చెట్టుమీద కూర్చుంటే నాలుగు మగజింకలు కనబడ్డాయట. నాలుగూ చిన్నవేనట, వదిలేశాడు. ఖాళీ పెట్టె, జలుబు, మళ్లీ సున్నా నుంచి పాయింట్లు. ఈ సంగతి చెబితే ముదురు పడీపడీ నవ్వాడు.

దసరా దాటింది. కాలనీల్లో దావతులు మొదలయ్యాయి. మీకు కూడా పిలుపు రావచ్చు. పక్కన కూర్చున్నవాడు 'స్పెషల్' అని చెవిలో చెప్పి గిన్నె మీవైపు జరిపితే, ఆ మాంసం ఎక్కడిదని అందరికీ వినపడేటట్టు అడగండి. వేటాడిన జంతువు మాంసం దగ్గర పెట్టుకోవడం కూడా ఆ చట్టం కింద నేరమే.