ఐదొందల లోపు

ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. పెరియారు నీళ్లు పారే కంబం లోయలో, చిన్నమనూరులో, తరతరాలుగా అలా బతుకుతున్న ఒక ఇంటి సంగతి ఇది. కొడుకుది కోయంబత్తూరులో పంపుసెట్ల వ్యాపారం. మనవడు హైదరాబాదులో ఇంజనీరు. ఊళ్లో అవ్వ ఒక్కతే. పాత ఇల్లు పడగొట్టి, కుటుంబంలో అందరికీ సరిపడా ఐదు పడగ్గదులతో కొత్తిల్లు కట్టాలని కొడుకు పట్టుబట్టాడు.

కట్టబోయే భవనాన్ని ముందుగా కంప్యూటర్లో కట్టి చూడటమే మనవడి ఉద్యోగం. అది ఉత్త బొమ్మ కాదు. ప్రతి గోడకూ దాని మందం, ఇటుకల లెక్క, అది లోపలికి పంపే వేడి, అన్నీ అందులో రాసి ఉంటాయి. పనుల తేదీలు జోడిస్తే ఏ వారం ఏ పని జరగాలో కనిపిస్తుంది. ధరలు జోడిస్తే, కిటికీ ఒక అడుగు పెంచగానే ఖర్చు ఎంత పెరిగిందో అక్కడికక్కడే తేలుతుంది. నాగపూర్ మెట్రో పనుల్లో కాలాన్నీ ఖర్చునూ ఇలా నమూనాకే ముడివేశారు. మామూలు ఇంటికి ఇంత హంగెందుకని కొందరంటారు. నిజానికి జన్మకొక్కసారి ఇల్లు కట్టేవాడికే ఈ ముందుచూపు ఎక్కువ అవసరం. లేచిన గోడను మళ్లీ పగలగొట్టే స్తోమత అతనికెక్కడిది?

తండ్రీకొడుకులు అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ఐప్పసి నెల వానలు రాకముందే స్లాబు పడేలా, తై నెలలో పాలు పొంగించేలా తేదీలు కుదిరాయి. ఖర్చూ కుదిరింది. ఇక మిగిలింది కరెంటు. తమిళనాట ఇళ్లకు రెండు నెలలకొక బిల్లు. మొదటి 100 యూనిట్లు ఉచితం. 500 దాటిందా, రేటు ఒక్కసారిగా పెరుగుతుంది.

"ఎండాకాలంలో కూడా ఐదొందలు దాటకూడదురా" అన్నాడు తండ్రి.

మనవడు పడమటి కిటికీలకు సజ్జాలు పెంచాడు. మిద్దె మీద తెల్లటి కూలింగ్ టైల్స్ పరిచాడు. గోడలకు తేలిక ఇటుక మార్చాడు. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత ప్రకారం గోడల గుండా, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు మించకూడదు. ఆ హద్దులోకీ వచ్చింది. అయినా ఎండాకాలం బిల్లు ఆరొందల యూనిట్ల కిందికి దిగలేదు. మార్చిన ప్రతిసారీ ఖర్చు మాత్రం ఎక్కుతోంది.

పక్కనే అనపకాయలు ఒలుస్తున్న అవ్వ తెరలోకి తొంగి చూసింది.

"ఈ గళ్లేంది కన్నా?"

"ఏ గదిలో ఏ గంటకు ఎంతమంది ఉంటారో రాసే గళ్లవ్వా. అది చెప్తేనే ఫ్యాన్లూ ఏసీలూ ఎంతసేపు తిరుగుతాయో తెలిసేది."

"ఎంతమందని రాసినావు?"

"రాత్రిళ్లు ఏడుగురం."

"ఏడాదికి ఎన్ని రాత్రులు?"

"అన్నీ అవ్వా."

అవ్వ చేట పక్కన పెట్టింది. "నిజం రాయి కన్నా."

మనవడు ఒక్కో గదీ తెరిచాడు. పొంగలుకు మూడు రోజులు, ఊరి తిరునాళ్లకు రెండు రోజులు ఏడుగురినీ అలాగే ఉంచాడు. మిగతా రోజులన్నిటికీ నాలుగు గదుల్లో సున్నా, వీధి వైపు గదిలో ఒకటి వేశాడు. లెక్క మళ్లీ నడిపాడు.

తండ్రి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఏప్రిల్, మే కలిపి తొంభై యూనిట్లు.

"ఐదొందలు కాదురా, ఉచితం లోపలే వచ్చేసింది!" సంతోషం పట్టలేక కొడుకు భుజం తట్టాడు. "పైసా పెరగలేదు కూడా! పొద్దుట్నుంచీ దిగనిది ఇప్పుడెట్లా దిగింది? ఏం తీసేసినావురా?"

"మనల్ని, నైనా."