గునపానికి దండం

అయ్యా, తోట ఉన్న ఇంటి యజమానీ! కోకాపేట, తెల్లాపూర్ చుట్టుపక్కల గజం నేల ఎంత పలుకుతుందో మీకు తెలుసు. అలాంటి చోట ఇంకో రెండు గదులు లేపే వీలున్నా లేపకుండా ఆ నేలను మొక్కలకు వదిలారు. హైదరాబాద్‌లో మట్టి కంటపడితే సిమెంటు పోసేవాళ్లే ఎక్కువ. మీ ప్రహరీ లోపల మాత్రం వాన నీళ్లు ఇంకా నేలలోకి దిగుతున్నాయి, పిట్టలు వాలుతున్నాయి. ఈ పొగడ్తలో కల్తీ లేదు.

మీ చెయ్యి కూడా పెద్దదే. కడియపులంక దాకా వెళ్లి, జాతీయ రహదారి పక్కన వరసగా ఉన్న నర్సరీల్లో దిగి, గోదావరి కాలువ నీళ్లతో పెరిగిన మొక్కల్ని ఏరి ఏరి లారీకెత్తించారు. కొరియన్ గడ్డిని చదరపు అడుగుల లెక్కన పరిపించారు. మొక్కల మొదళ్లలో పోయడానికి తెల్ల గులకరాళ్లు బస్తాలు బస్తాలు దింపించారు. బిల్లు చేతికొస్తే మీరు దాన్ని గౌరవిస్తారు. తోటపనికి ఏజెన్సీని పెట్టుకున్న ఏడాది ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా కిక్కురుమనకుండా కట్టారు. పన్ను ఎగ్గొట్టే దారులు వెతికేవాళ్ల మధ్య ఇది మెచ్చుకోవాల్సిన గుణం. ఆ బిల్లులో మట్టిలోకి దిగిన మనిషికి ఎంత చేరిందో మాత్రం మీరు అడగలేదు. ఇంకొకరి వ్యవహారంలో తలదూర్చని మర్యాద మీది.

ఆ తర్వాత విడిగా ఒక తోటమాలిని మాట్లాడుకున్నారు. వారానికి రెండుసార్లు, ఒక్కో పూట పని. పూటకు 600 అన్నాడు. మీరు గేటు దగ్గర నిలబడి 400 దగ్గర మొదలుపెట్టారు. మీటింగుకు వేళ మించుతున్నా తొందరపడలేదు. 450 దగ్గర బేరం తెగింది. అంతకుముందు రోజే ఏసీ కడిగి వెళ్లిన కుర్రాడికి యాప్ చూపించిన మొత్తాన్ని అలాగే పంపారు. తెర మీద పడిన అంకెకు మీరు ఎదురు చెప్పరు. మనిషి నోటి నుంచి వచ్చిన అంకెను పరీక్షించకుండా వదలరు. ఆ పరీక్షలో పూటకు 150 చొప్పున నెలకు 1,200 రూపాయలు మిగిల్చారు. మీ నెల ఖర్చులో అది ఎక్కడ కలిసిపోయిందో వెతికినా దొరకదు. అతని ఇంట్లో దొరుకుతుంది. రోజుకు రెండిళ్లకు మించి చేయలేడు. పెట్రోలు అతనిది, కత్తెర అతనిది, దానికి పదును పెట్టించే ఖర్చు అతనిది. వాన పడిన రోజు పని లేదు, పని లేని రోజు డబ్బు లేదు. మే నెలలో పదకొండు దాటాక గచ్చు మీద అరికాలు పెట్టలేం. ఆ వేళకు అతను మీ గడ్డిలో గొంతుక్కూర్చుని కలుపు తీస్తూ ఉంటాడు.

మీ నమ్మకం మరీ గొప్పది. స్పెయిన్ నుంచి ఓడెక్కి వచ్చిన ముదురు ఆలివ్ చెట్టు, లక్షల ఖరీదు చేసేది, ఏ కాగితమూ రాయించుకోకుండా అతని చేతుల్లో పెట్టారు. ఆ చేతులు తాగే నీళ్లు పట్టుకోవాల్సింది తోట గొట్టం దగ్గరే. పనిచేసినంతసేపు కాలకృత్యాలకు ఎక్కడికి వెళ్తాడన్న ప్రశ్న ఇంట్లో ఎవరికీ రాలేదు. పురుగుమందు కొట్టే రోజున మీ ముందుచూపు చూడాలి. కిటికీలు మూయిస్తారు, పిల్లల్నీ కుక్కపిల్లనూ లోపలికి పిలుస్తారు, తీగ మీద ఆరేసిన బట్టలు తీయిస్తారు. ఆ మందు ఒంటికి పడదని మీకు స్పష్టంగా తెలుసు. బయట మిగిలేది అతనొక్కడే, ఒట్టి చేతులతో. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు రెండూ కలిపినా మీరు కొన్న గులకరాళ్ల ఖర్చుకు ఏ మూలకూ రావు.

పోయిన వేసవిలో బంధువులు మీ మల్లెల్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. ఆ పొగడ్తను మీరు మీద వేసుకోలేదు. మా మట్టి మంచిదండీ అన్నారు. ఆ వినయం నాకు నచ్చింది. అయితే ఆ మట్టిలో జరిగింది కూడా చెప్పాలి. చలి మొదలయ్యాక అతను మల్లెపాదులకు నీళ్లు ఆపేశాడు. ఆకు వాడి రాలుతుంటే మొక్కల్ని ఎండగడుతున్నాడని మీరు కోప్పడ్డారు. తల వంచుకుని విన్నాడు గానీ డ్రిప్ వాల్వు తిప్పలేదు. సంక్రాంతి దగ్గరపడ్డాక కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, పాదు తవ్వి, పశువుల ఎరువులో వేపపిండి కలిపి పెట్టి, అప్పుడు నీళ్లు వదిలాడు. విశ్రాంతి ఇవ్వకుండా తాగించిన మల్లె ఆకు మీద ఆకు వేస్తుంది, మొగ్గ తొడగదు. మొగ్గ వచ్చేది కొత్త చిగురుకే. గులాబీల కత్తిరింపు వేరే. వానలు వెనకబట్టాక, అక్టోబరులో, బయటివైపు చూస్తున్న కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోత పడాలి. ఆరేడు వారాలకు పువ్వు. లోపలివైపు కన్ను మీద కోస్తే కొమ్మలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, గాలి ఆడక బూడిద తెగులు పట్టుకుంటుంది. కాగితాల పువ్వు తీగెకు దాహం తెలిస్తేనే రంగు. ఇవన్నీ అతని వేళ్లకు తెలుసు. అందుకే ఇంకొకరు పూటంతా చేసే కత్తిరింపును గంటన్నరలో ముగించాడు. మీరు గడియారం చూశారు. గంటన్నరకి నాలుగొందల యాభయ్యా అన్నారు. కాలాన్ని అంత శ్రద్ధగా కొలిచేవాళ్లు అరుదు. మీ కొలత ప్రకారం చేయి తిరిగినకొద్దీ కూలి తగ్గాలి.

మీ భక్తికీ లోటు లేదు. ఏటా తిరుమల వెళ్తారు. మహాద్వారం దగ్గర కుడివైపు పైన వేలాడే గునపాన్ని పిల్లలకు చూపించి దండం పెట్టిస్తారు. అది తోటపని చేసినవాడి గునపం. రామానుజులు అడిగితే కొండ మీద పూలతోట పెంచడానికి వచ్చిన అనంతాళ్వార్‌ది. చెరువు తవ్వే చోట నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోస్తుంటే, ఆమె కష్టం చూడలేక స్వామే బాలుడై వచ్చి తట్ట అందుకున్నాడని, సాయం వద్దన్నా వినలేదని అనంతాళ్వార్ విసిరిన గునపం గడ్డానికి తగిలిందని, ఆ గాయానికి అద్దిన పచ్చకర్పూరమే నేటికీ మూలమూర్తి గడ్డం మీద కనబడుతుందని స్థలపురాణం. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్ సవారి పేరుతో స్వామి ఊరేగింపుగా వెళ్లేది ఆ తోటకే. మట్టి మోసే మనిషి అలసట చూసి దేవుడే గర్భగుడి దిగి వచ్చిన ఈ కథను మీరు పిల్లలకు చక్కగా చెబుతారు, విన్నాను. గునపాన్ని గుర్తుపట్టే కళ్లు మీకున్నాయి. మీ పెరట్లో గునపం పట్టిన చేతి బొబ్బలు ఆ కళ్లకు ఆనకపోవడమే నాకు కడుపు మండే సంగతి.

వానలు మొదలయ్యాక అతను పూటకు 500 చేయమన్నాడు. మీరు మాట మీద నిలబడే మనిషి. 450 అంటే 450యే. అతను రావడం మానేశాడు. వారం తిరక్కుండానే 400కు ఇంకొకతన్ని కుదిర్చారు. వాచ్‌మన్ బంధువు, పని వెతుక్కుంటూ ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు. అతన్ని నేను తప్పుపట్టను. నేర్పేవాళ్లెవరూ లేరు, నీళ్లు పెట్టమన్నారు, పెట్టాడు. వాల్వులన్నీ తిప్పాడు, గులాబీకీ ఆలివ్‌కీ ఒకేలా. పొడి నేలల్లో బతకడం అలవాటైన ఆ చెట్టు వేళ్లకు నిలవనీరు పడదు. ఆకు పసుపెక్కి రాలుతుంటే దాహమేమోనని మరో రెండు బకెట్లు పోశాడు. వేళ్లు కుళ్లాయి.

మీరు గుండె చెదరనివ్వలేదు. అదే రోజు నర్సరీకి ఫోన్ చేసి ఇంకో చెట్టు చెప్పారు. ధర పెరిగిందన్నారు, సరేనన్నారు. ప్రహరీ మీదుగా దింపడానికి క్రేన్ అద్దె వేరే అన్నారు, దానికీ సరేనన్నారు. గురువారం లారీ వస్తుంది. కొత్త చెట్టును ఎవరు చూసుకుంటారని అడిగితే, 400 మనిషి ఉన్నాడు కదా అన్నారు.