మీకు తెలీదులెండి

"గిటారిస్టుల్లో మీకెవరంటే ఇష్టం అల్లుడుగారూ?" అని మా చిన్నమామగారు అడిగారు. పెళ్లయ్యాక మొదటి సంక్రాంతి. చేతిలో అరిసె, గుమ్మానికి అడ్డంగా ఆయన కుర్చీ. నాకు తెలిసిన ఒక్క పేరూ చెప్పేశాను: జిమీ హెండ్రిక్స్.

ఈయనకా పిల్లనిచ్చాం అన్నట్టు చూశారు. "ఆయన అందరికీ తెలుసుగా!"

అదే నేరం. చిన్నమామగారి తెగవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పేరున్నవాణ్ణి మెచ్చుకోవడం వీళ్లకు నామోషీ. వాయించడం రాదు, వాయించేవాళ్లకు మార్కులు వెయ్యడం మాత్రం బాగా వచ్చు. ఆయన గదిలో గోడకు ఓ గిటారు వేలాడుతూ ఉంటుంది. ఆరు తీగల్లో నాలుగే మిగిలాయి. ఐదోదాంతో ఓ వినాయకచవితికి పాలవెల్లి కట్టామని చిన్నత్తగారు చెప్పారు. ఆరోదాని సంగతి ఎత్తొద్దని సైగ చేశారు.

"పోనీ, డానీ గాటన్‌ని విన్నారా?"

"లేదండీ."

ఆయన మొహం మతాబాలా వెలిగింది. "మీకు తెలీదులెండి!"

గాటన్ వాషింగ్టన్ చుట్టుపక్కలే క్లబ్బుల్లో వాయించుకుంటూ, పాత కార్లు బాగుచేసుకుంటూ గడిపిన మనిషి. టెలీకాస్టర్ గిటారు తీగలమీద బీరు సీసా జార్చి రాగం తీసేవాడు. బీరు ఒలికితే తువ్వాలుతో తుడుస్తూనే, ఆ తువ్వాలు చాటునుంచే వాయించేవాడు. ఇదంతా మాటల్లో చెబితే నాకు ఎక్కదనుకున్నారేమో, చిన్నమామగారు విసనకర్రని గిటారు చేసి, మరచెంబుని సీసా చేశారు. మరచెంబు మూత సరిగ్గా బిగించలేదు. నీళ్లన్నీ నా కొత్త పంచె మీద పడ్డాయి. "ఆగండి, ఇప్పుడే అసలు ఘట్టం!" అంటూ నా భుజం మీది కండువా లాగి, విసనకర్ర తుడుస్తూ నోటితో డిడిండిం డిడిండిం అని ఐదు నిమిషాలు మోగించారు. పంచె మాత్రం ఎవరూ తుడవలేదు.

1989లో ‘గిటార్ ప్లేయర్’ పత్రిక గాటన్ బొమ్మ అట్టమీద వేసి, లోకం ఎరగని మహా గిటారిస్టు అని రాసింది. అది తలుచుకుంటే చిన్నమామగారికి ఇప్పటికీ మంటే. "అట్టమీద వేశాక ఇంకెవరు ఎరగరండీ?"

ఎలిజబెత్ కాటన్ విషయంలోనూ ఇదే గొడవ. ఆవిడది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల గిటారునే తిరగేసి పట్టుకుని, బొటనవేలితో పాట వరస, మిగతా వేళ్లతో మంద్రం వాయించేది. ఏళ్ల తరబడి గిటారు ముట్టకుండా ఉండి, పనిచేసే ఇంట్లో గోడకున్నది కనిపిస్తే మళ్లీ అందుకుంది. మొదటి ఆల్బం 1958లో, అరవై దాటాక. తొంభై దాటాక గ్రామీ వచ్చింది. "ఆ గ్రామీతో ఆవిడా మన చెయ్యి జారిపోయింది" అన్నారు చిన్నమామగారు, దగ్గరి చుట్టాన్ని పోగొట్టుకున్నట్టు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ లేదు. ‘దమ్ మారో దమ్’ అనగానే ఆశా భోస్లే అంటాం, ఆర్.డి. బర్మన్ అంటాం. అందులో గిటారు మీటినవాడు భూపిందర్ సింగ్ అని, అదే మన గజళ్ల భూపిందర్ అని, ఎంతమంది అంటాం? మన క్యాసెట్ల అట్టలమీదా అంతే. సంగీత దర్శకుడు, కవి, గాయకులు, చివరికి క్యాసెట్టు ధర కూడా ఉండేది. వాయించినవాడి ఊసు మాత్రం ఉండేది కాదు. చిన్నమామగారు ఆ అట్టల ఖాళీల్లో బాల్‌పెన్నుతో తనకు తెలిసిన పేర్లు రాసి పెట్టుకున్నారు. ఆ క్యాసెట్ల పెట్టె చూసిన రోజున పంచె సంగతి మన్నించేశాను.

తరవాత రాజమండ్రిలో ఓ పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు కుర్రాణ్ణి ఆయనే కనిపెట్టారు. చర్చిలో పాటలకు వాయిస్తూ చెయ్యి తిరిగినవాడు. ఏడాదిపాటు కనపడ్డవాళ్లందరికీ వాడి గురించే చెప్పారు. చెప్పగా చెప్పగా జనం నిజంగానే విన్నారు. మాఘమాసంలో మా మరదలి పెళ్లికి పిలిస్తే, "ముహూర్తాలన్నీ నిండిపోయాయండీ, ఏమనుకోకండి" అన్నాడు.

"పాడైపోయాడు" అన్నారు చిన్నమామగారు.

"చెయ్యి పడిపోయిందా?"

"చేతికేం, బంగారం! జనం మరిగారు."

మొన్న సంక్రాంతికి వెళ్తే ఆయన మొహంలో మళ్లీ మతాబా. సామర్లకోట వైపు ఇంకో కుర్రాడు దొరికాడట. గాటన్ కూడా వాడి ముందు దిగదుడుపేనట.

"పేరేమిటి మామయ్యగారూ?"

అటూ ఇటూ చూశారు. చిన్నత్తగారు అరిసెల పళ్లెంతో వస్తున్నారు. ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"చెప్పను. చెబితే మీరు వింటారు."