బ్యాలెట్ పెట్టె చెప్పుకున్న గ్రేటర్ కథ

ఇనప రేకు ఒళ్లు, పైన సన్నటి చీలిక, సీలు వేయడానికి కాస్త చోటు. బ్యాలెట్ పెట్టె ఆస్తి ఇంతే. ఆత్మకథ చెప్పమంటే చెబుతుంది కానీ, అందులో ‘నేను’ అనడం దానికి ఇష్టం ఉండదు. రహస్య ఓటు మోసేదానికి ‘నేను’ ఏమిటని దాని వాదన. అందుకే తన గురించి మాట్లాడేటప్పుడు కూడా ‘పెట్టె’ అనే అంటుంది.

దాని జ్ఞాపకాలు 1986లో మొదలవుతాయి. అప్పుడు హైదరాబాద్ బల్దియాకు వంద డివిజన్లు. మజ్లిస్ 38 గెలిచి పెద్ద పార్టీగా నిలిచింది. కాంగ్రెస్ దన్నుతో మేయర్ పదవి దక్కించుకుని, దళితుడైన కె.ప్రకాశ్‌రావును ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. పాతబస్తీ పార్టీ అన్న ముద్రకు అది గట్టి జవాబే. ఆ పాలకవర్గం దిగిపోయాక మళ్లీ బల్దియా ఎన్నికలు 2002లోనే. ఆ దఫా మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. తెలుగుదేశం తరఫున తీగల కృష్ణారెడ్డి గెలిచారు.

ఆ తర్వాత నగరం కొలతలే మారిపోయాయి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత బల్దియాతో కలిసి గ్రేటర్ హైదరాబాద్ బల్దియా, అంటే జీహెచ్‌ఎంసీ పుట్టింది. డివిజన్లు 150 అయ్యాయి. (2025 డిసెంబరులో మరో 27 పురపాలికలు కలిసి అవి 300కు చేరడం తర్వాతి సంగతి.) పాతబస్తీ గల్లీలకూ, కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కూకట్‌పల్లి కాలనీలకూ, శేరిలింగంపల్లి ఐటీ అపార్ట్‌మెంట్లకూ ఒకే మేయర్. ఎవరిని ఎవరు గెలిపిస్తారో పెట్టె ఊహకు కూడా అందలేదు. అందినా ఏం లాభం? 2009లో, 2016లో ఈవీఎంలు వచ్చి దాని పని లాగేసుకున్నాయి. గోదాములో పడి ఉండి అంకెలు వినడమే మిగిలింది.

విన్న అంకెలు మాత్రం విచిత్రంగా ఉన్నాయి. 2009లో కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43, బీజేపీ 5. టీఆర్‌ఎస్ బరిలోనే లేదు. కాంగ్రెస్, మజ్లిస్ మేయర్ పదవిని వంతులేసుకున్నాయి. మొదట కాంగ్రెస్ నుంచి బండ కార్తీకరెడ్డి, తర్వాత మజ్లిస్ నుంచి మాజిద్ హుస్సేన్. రాష్ట్రం విడిపోయాక 2016లో అదే టీఆర్‌ఎస్ 99 గెలిచింది. కాంగ్రెస్ రెండుకు, తెలుగుదేశం ఒకే ఒక్క కేపీహెచ్‌బీ కాలనీకి పడిపోయాయి. మజ్లిస్? 44.

పెట్టె ఇక్కడ కాసేపు ఆగుతుంది. గ్రేటర్‌లో గాలి మారిందని ప్రతిసారీ అందరూ అంటారు గానీ, మారేది సుమారు వంద డివిజన్లలోనే అని దాని లెక్క. మిగతాచోట్ల గాలి వీచినా ఆకు కదలదు. 2016లో అయితే ఆ వంద దాదాపు మూకుమ్మడిగా ఒకే వైపు ఒరిగాయి.

2020లో కరోనా పుణ్యమా అని ఈవీఎంలను పక్కనపెట్టి పెట్టెను పిలిచారు. అక్టోబరు వరదల్లో కాలనీలు మునిగాయి. పదివేల రూపాయల వరదసాయం మీద రగడ నడిచింది. బల్దియా ఎన్నికల ప్రచారానికి అమిత్ షా, యోగి ఆదిత్యనాథ్ దిగారు. ఇంత చేస్తే డిసెంబరు 1న వచ్చిన ఓటర్లు 47 శాతం లోపే. పెట్టె కడుపు సగం కూడా నిండలేదు.

వచ్చిన కాగితాల్లోనూ తకరారు తప్పలేదు. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి ఎదురుగా కంకి కొడవలికి బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి 3న మళ్లీ జరిపారు. కొన్ని బూత్‌లలో ఓటరు చేతికి స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర ఇచ్చారు. అవీ చెల్లుతాయని లెక్కింపు ముందు రాత్రి ఎన్నికల సంఘం ఉత్తర్వు ఇస్తే, వ్యవహారం హైకోర్టుకెక్కింది. నేరేడ్‌మెట్‌లో అలాంటి ఓట్లు మెజారిటీని మించాయి. దాంతో అక్కడ ఫలితం తేలేసరికి 9వ తేదీ అయింది. ఓటరు తప్పు రవ్వంత లేదు. చేతికిచ్చిన ముద్రే వేశాడు పాపం.

లెక్కింపు రోజు పొద్దున పోస్టల్ బ్యాలెట్లు చూసి టీవీలు బీజేపీని ఎక్కడికో ఎత్తేశాయి. పెట్టెలు తెరిచాక టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ మళ్లీ 44, కాంగ్రెస్ మళ్లీ 2. తెలుగుదేశం సున్నా.

మేయర్ ఎన్నికకు మాత్రం పెట్టెతో పని పడలేదు. 2021 ఫిబ్రవరిలో సభ్యులు చేతులెత్తి, మజ్లిస్ మద్దతుతో, టీఆర్‌ఎస్‌కు చెందిన గద్వాల విజయలక్ష్మిని మేయర్‌ను చేశారు. 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ రాష్ట్రాన్ని గెలిచింది కానీ హైదరాబాద్ జిల్లాలో ఒక్క సీటూ రాలేదు. అయితేనేం, 2024 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్, మార్చిలో మేయర్ ఆ పార్టీ కండువా కప్పుకున్నారు. 2020 బల్దియా ఎన్నికల్లో రెండే డివిజన్లు గెలిచిన పార్టీకి రెండు పెద్ద కుర్చీలూ దక్కాయి. 2016లో టీఆర్‌ఎస్ మేయరైన బొంతు రామ్మోహన్ కూడా అప్పటికే అక్కడికి చేరారు. బండ కార్తీకరెడ్డి అయితే 2020 ఎన్నికల ముందే కాంగ్రెస్ వదిలి బీజేపీలోకి వెళ్లారు. ఆ చేరికలన్నీ జరిగేటప్పుడు పెట్టె గోదాములోనే ఉంది, మూత బిగించే ఉంది.