మీ ఇంటి కంప్యూటర్‌కు ఏం గాదు, నన్ను నమ్ముండ్రి

ముందుగల్ల ఒక్క ముచ్చట మనసుల పెట్టుకోండ్రి. దొంగలు కన్నేసేది పెద్ద పట్నాల మీద. కరీంనగర్ మంకమ్మతోటల, పై అంతస్తుల, కుట్టుమిషిని పక్కపొంటి ఉన్న కంప్యూటర్‌తోని వాళ్లకేం పని? అండ్ల ఏమున్నయ్? కొడుకు మెమోలు, భూమి పాసుబుక్కు స్కాను, దుబాయ్‌ల ఉన్న అల్లుని పాస్‌పోర్టు, అందరి ఆధార్‌లు, బ్యాంకు లాగిన్. గంతే. గివి ఎవలికి గావాలె?

కంప్యూటర్‌ను ఖరాబు చేసేది అప్‌డేటే. తెర మూలకు డబ్బా వచ్చి రీస్టార్ట్ అడుగుతది. 'తర్వాత' అని నొక్కుండ్రి. విండోస్‌ల ఉన్న ఒక బొక్కకు మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మాటేసింది. ఆ బొక్కలకెల్లి దూరే వాన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి పైసలడిగే వైరస్) మే 12న వచ్చింది. నడుమ రెండు నెలలు. ఆ రెండు నెలలు 'తర్వాత' నొక్కుకుంట కూసున్నోళ్లు ఉండవట్టే అది 150 దేశాలు తిరిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు సుత తాళం పడ్డది, 300 డాలర్లు బిట్‌కాయిన్ల కట్టుమన్నది. పోలీసులకే తప్పలేదు, మనమెంత? ఇంక విండోస్ 10కు 2025 అక్టోబర్ 14 నుంచి మామూలు అప్‌డేట్లు బందైనయ్, పీడ పోయింది. విండోస్ 7 ఉన్నోళ్లైతే 2020 జనవరి సంది నిమ్మలంగున్నరు.

సాఫ్ట్‌వేర్ కొనేటోళ్లను చూస్తే నాకు జాలి. ఫొటోషాప్ గానీ, పెండ్లిపత్రికలు కొట్టెటందుకు అనూ ఫాంట్లు గానీ, క్రాక్ చేసినయ్ పెన్‌డ్రైవ్‌ల దొరుకుతయ్. దాంట్ల ఒక చిన్న చిట్టి ఫైలు ఉంటది: 'ఎక్కించే ముందు యాంటీవైరస్ బందు చెయ్యి' అని. దోస్తు తీరు చెప్తున్నడు, ఇనుండ్రి. ఎవలో ఊరు పేరు తెల్వనోడు మన కోసం రాత్రంత మేల్కొని తాళం పలగ్గొట్టి, ఉత్తగ పంచుతున్నడంటే, లోకంల ఇంకా ధర్మం మిగిలున్నట్టే. యాంటీవైరస్ మళ్లా చాలు చేసుడు యాది మర్వుండ్రి.

పాస్‌వర్డ్ ఒక్కటే ఉండాలె: బిడ్డ పేరు, పుట్టిన సాలు. మెయిల్‌కు, బ్యాంకుకు, సినిమా టికెట్లకు అదే. ఏదో ఒక సైటు కాడ కారిపోయినా మళ్లా మీకు యాదికుంటది, దొంగకు సుత. వైఫై రౌటర్‌కు కంపెనీ పెట్టిన పాస్‌వర్డే మంచిది, దాన్ని ముట్టకుండ్రి.

ఇగ ఫోన్లు. 'కరెంటు బిల్లు బాకీ ఉన్నది, రాత్రి తొమ్మిదిన్నరకు మీ లైను కట్' అని మెసేజ్ వస్తది, కింద ఒక మొబైల్ నంబర్. మన లైన్‌మన్‌కు రెండు రోజులు ఫోన్ చేసినా దొరకడు, ఈ సారు ఒక్క రింగుకే ఎత్తి, హిందీల 'అంకుల్ జీ' అంటడు. గంత మర్యాదస్తునికి, దూరంకెల్లి మన కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ ఎక్కించి, అండ్ల కనవడే అంకెలు చదివి చెప్పుతే ఏం పోతది? మౌస్ బాణం దానంతటదే ఉరుకుతాంటె కుర్చీల కూసొని చాయ్ తాగుండ్రి. ఓటీపీ అడిగితే మెల్లగ, రెండుసార్లు చదువుండ్రి, పాపం ఆయనకు తెలుగు రాదు.

కరెంటోళ్ల ముచ్చట వచ్చింది గనుక చెప్తున్న: 2019 వేసవిల కరెంటు పంచే కంపెనీలకు, అంటే మన ఉత్తర డిస్కంకు, హైదరాబాద్ దిక్కు డిస్కంకు, ఆంధ్ర డిస్కంలకు ఒక్కపారే రాన్సమ్‌వేర్ తగిలింది, వెబ్‌సైట్లు ఆగినయ్. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాక బిల్లు ఆన్‌లైన్ల కట్టేటోళ్లకు ఆ ఉత్తర డిస్కమే దిక్కు. డాటా ఇంకో తాన దాసుకున్నరు గనుక మళ్లా తేరుకున్నరు. వాళ్లది సర్కారు కొలువు, దాసుకుంటరు. మీరు బ్యాకప్ డిస్కు కొంటే మాత్రం దాన్ని ఏడాది పొడుగూతా కంప్యూటర్‌కే గుచ్చి ఉంచుండ్రి. వైరస్‌కు రెండోది దేవులాడే తిప్పలుండొద్దు.

గింత చెప్పినంక సుత పైసలు పోతే లొల్లి చెయ్యకుండ్రి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఎంటనే ఫోన్ చేస్తే దొంగ ఖాతాల పైసలు ఆపెటందుకు చూస్తరు, అందుకే ఆగమాగం వద్దు. తప్పు మీదీ, బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాలల్ల చెప్తే నష్టం మీ మీద పడొద్దని 2017 జూలైల రిజర్వు బ్యాంకు అన్నది. గందుకని నాలుగోనాడు దాక నిమ్మలంగుండుండ్రి. ముందుగల్ల బామ్మర్దిని అడుగాలె, కంప్యూటర్ సంగతి ఆయనకే ఎరుక. ఆసిఫాబాద్‌ల పెండ్లికి పోయిండట, సోమవారం వస్తడు.